ఎమ దత్సి ఇంట్లో కుదరడం లేదు, పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. హైదరాబాదులో ఉంటున్నారు, భూటాన్ యాత్రకు వెళ్లి వచ్చాక అక్కడ తిన్న ఎమ దత్సిని, అంటే చీజ్ వేసి వండే మిరపకాయల కూరను, ఇంట్లో రెండుసార్లు వండారు. మొదటిసారి పనీరుతో చేస్తే ముక్కలు రబ్బరులా మిగిలి, నీళ్లు వేరుగా తేలాయి. రెండోసారి పిజ్జా మీద వేసే చీజ్‌తో చేస్తే గరిటెకు తీగలు చుట్టుకున్నాయి. రెండుసార్లూ కారం నోట పెట్టలేనంత అయింది. ఏ చీజ్ వాడాలి, ఏ మిరపకాయ వాడాలి, మిగిలితే దాచుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు సమాధానం చెప్పేస్తాను. క్యూబులుగానో డబ్బాలోనో దొరికే మామూలు ప్రాసెస్డ్ చీజ్ వాడండి. బజ్జీ మిరపకాయలు వాడండి. చీజ్‌ను చివరి రెండు నిమిషాల్లోనే వేయండి, వేశాక కాసేపు గరిటె ముట్టకండి. ఈ మూడూ పాటిస్తే మొదటి ప్రయత్నంలోనే కుదురుతుంది. మిగతాదంతా ఎందుకు అన్నదానికి వివరణ. ఓపిక ఉంటే చదవండి.

నేను వంటవాడిని కాను, సివిల్ ఇంజనీరును. భూటాన్‌లో పునాత్సాంగ్‌ఛు జలవిద్యుత్ ప్రాజెక్టు పనిమీద వాంగ్దూ దగ్గర బాజో అనే చిన్న ఊళ్లో అయిదేళ్లు అద్దెకు ఉన్నాను. కింద ఇంటివాళ్లు, పైన నేను. ఇంటావిడకు డెబ్బై దాటాయి. అందరూ ఆమెను అంగే అనేవారు, అంటే మామ్మ. మెస్సు భోజనం విసుగెత్తిన రోజు ఆమె వంటింట్లోకి చేరేవాడిని. ఆ అయిదేళ్లలో ఎమ దత్సి లేని పూట ఆ ఇంట్లో చూసినట్లు గుర్తు లేదు. మనకు పప్పు ఎలాగో వాళ్లకు అది అలాగ.

భూటాన్ వారి జోంఖా భాషలో ఎమ అంటే మిరపకాయ, దత్సి అంటే చీజ్. ‘చాప’ అనే మాటలో మనం చ పలికే తీరు ఉంది కదా, దాదాపు ఆ ధ్వనికి ఇకారం చేరిస్తే ‘త్సి’ వస్తుంది. కొందరు దత్సిని జున్ను అని తెలుగు చేయడం చూశాను. మన ఇళ్లలో జున్ను అంటే ముర్రుపాలతో చేసేది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు కాబట్టి నేను చీజ్ అనే అంటాను.

పేరులో రెండే మాటలు, గిన్నెలో కూడా దాదాపు రెండే వస్తువులు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మనం మిరపకాయను కూరలోకి కారం కోసం వేస్తాం. అక్కడ మిరపకాయే కూర. బెండకాయ కూరకు బెండకాయలు ఎలా ఏరుకుంటామో ఎమ దత్సికి మిరపకాయలను అలా ఏరుకోవాలి. కండ ఎంత ఉంది, తోలు ఎంత మందం, ఉడికాక నిలుస్తుందా చెదిరిపోతుందా అని చూడాలి. కారం తర్వాతి సంగతి.

మిరపకాయ సంగతి

అక్కడి కాయ జానెడుకు కొంచెం తక్కువ పొడవు ఉంటుంది, కండగా ఉంటుంది. కారం ఉంటుంది కానీ మన సన్న పచ్చిమిరపకాయంత పదునుగా ఉండదు. మన సన్న కాయలో తోలు పలుచన, గింజలు ఎక్కువ, కండ నామమాత్రం. అది పావుకిలో ఉడికిస్తే నీళ్లలో తోలూ గింజలూ మిగులుతాయి, కారమంతా పులుసులోకి దిగుతుంది. మీకు జరిగింది ఇదే.

హైదరాబాదులో నేను వాడే పాళ్లు ఇవి: బజ్జీ మిరపకాయలు రెండు వందల గ్రాములు, మామూలు పచ్చిమిరపకాయలు నాలుగో అయిదో. మొదటిసారి సన్న కాయలను పూర్తిగా మానేసినా తప్పు లేదు. అలవాటు పడ్డాక ఒక్కొక్కటీ పెంచుకోవచ్చు. ఒక క్యాప్సికం కూడా కలిపి వండేవారు ఉన్నారు. నాకు ఆ వాసన నచ్చదు, పైగా ఉడికాక తోలు ఊడి నోట్లో తగులుతుంది.

కాయలను చక్రాల్లా కోయకండి. అంగే తొడిమ తుంచి, కాయను అరచేతిలో పెట్టుకుని, బొటనవేలి గోటితోనే నిలువునా చీల్చేది. చీలికను మళ్లీ రెండు చేసేది. గింజలు తీసేది కాదు. మీరు తీసేయండి, కారం తగ్గుతుంది. నిజానికి గింజలకంటే అవి అంటుకుని ఉండే తెల్లని ఈనెలోనే కారం ఎక్కువ, కాబట్టి చెంచా మొనతో దాన్ని గీకేస్తేనే ప్రయోజనం. పని మొదలుపెట్టే ముందు చేతులకు నూనె రాసుకోండి. తర్వాత కూడా ముందు నూనెతో రుద్ది, ఆ పైన సబ్బుతో కడగండి. కారం నూనెలో కరుగుతుంది, వట్టి నీళ్లకు వదలదు.

ఎండుమిరపకాయలతో కూడా వండుతారు. శరత్కాలంలో పారో వైపు వెళితే ఇళ్ల కప్పులన్నీ ఎర్రగా ఉంటాయి, చలికాలానికి ఆరబెట్టిన మిరపకాయలు. ఇంకొక రకం తెల్లగా ఉంటుంది. పచ్చి కాయలను మరిగే నీళ్లలో ముంచి తీసి ఎండబెడితే పచ్చదనం పోయి ఆ రంగుకు తిరుగుతుంది. చూడగానే మన చల్ల మిరపకాయలు గుర్తొస్తాయి. కానీ వాటికి ఉప్పూ లేదు, మజ్జిగా లేదు. చల్ల మిరపకాయలతో ఎమ దత్సి చేద్దామనే ఆలోచన మీకు వస్తే మానుకోండి. నేను చేశాను. ఉప్పుకు గిన్నె మొత్తం పారబోయవలసి వచ్చింది. బ్యాడిగి మిరపకాయలను వేడినీళ్లలో అరగంట నానబెట్టి వండితే రంగు బాగుంటుంది, రుచి ఫరవాలేదు. అంతకుమించి చెప్పలేను.

మిరపకాయ వాళ్లకు ఎంత ముఖ్యమో 2016లో చూశాను. పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని భారతదేశం నుంచి వచ్చే మిరపకాయల దిగుమతిని భూటాన్ ఆ సంవత్సరం ఆపేసింది. ఆ చలికాలం బాజో సంతలో ఎవరిని పలకరించినా మిరపకాయల ధరే మాట. మనకు ఉల్లిపాయల ధర పెరిగితే ఎలా ఉంటుందో అలా. చిత్రం ఏమిటంటే, గుంటూరైనా వాంగ్దూ అయినా మిరపకాయ మొదట మనది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి వెంట పదహారో శతాబ్దంలో ఆసియాకు వచ్చింది. ఆ తర్వాత ఎవరి దారిన వారు సొంతం చేసుకున్నారు. మనం పొడి కొట్టాం, వాళ్లు కూర వండుకున్నారు.

చీజ్ సంగతి

దత్సి అంటే ఏమిటో తెలిస్తే పనీరు ఎందుకు మోసం చేసిందో అర్థమవుతుంది. పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న తీస్తారు. మిగిలిన మజ్జిగను సన్న సెగ మీద వేడి చేస్తారు. అది విరిగి తెల్లని ముద్ద ఒకచోట చేరుతుంది. దాన్ని వడగట్టి పిండి, ఉండలు కడతారు. సంతలో అరిటాకులోనో ప్లాస్టిక్ సంచిలోనో పెట్టి అమ్మేది ఆ ఉండలే. ఒకటి రెండు రోజులు ఆగితే కొంచెం పులిసి, వాసన దిగి, వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలుతుంది.

పనీరు కూడా విరగ్గొట్టినదే కదా అనవచ్చు. పులుపుతో విరిచినది ఏదైనా నిజంగా కరగదు. వేడి తగిలేకొద్దీ బిగుస్తుంది, లోపలి నీటిని బయటికి నెడుతుంది. పనీరును గట్టిగా నొక్కి పలకలు చేస్తారు కనుక ఆ బిగువు మరీ ఎక్కువ. దత్సి కూడా కరగదు, కానీ వదులుగా ఉంటుంది కాబట్టి సన్న పలుకులుగా విడిపోయి పులుసులో కలిసిపోతుంది. ఎక్కువ మరిగిస్తే అదీ గట్టిపడుతుంది. అందుకే చివర్లో వేయడం.

పిజ్జా మీద వేసే మోజరెల్లాను తీగలు సాగడానికే తయారు చేస్తారు. సాగడం దాని పని, అది చేసింది. ఎమ దత్సిలో తీగ సాగకూడదు, పాలకంటే కొంచెం చిక్కని పులుసు రావాలి. ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వూ నీరూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలిపి ఉంటారు. అందుకే అది పులుసులో నున్నగా కలిసిపోతుంది. ఇది నగరవాసుల సర్దుబాటు అనుకోకండి. భూటాన్ ఇళ్లలో, హోటళ్లలో అమూల్ చీజ్ డబ్బా సర్వసాధారణం. రాజధాని థింపూలో మీరు తిన్న ఎమ దత్సిలో సగం అదే ఉండే అవకాశం ఎక్కువ.

నా ఇంట్లో రెండూ కలుపుతాను: వంద గ్రాముల ప్రాసెస్డ్ చీజ్, యాభై గ్రాముల ఇంటి దత్సి. మొదటిది పులుసును నున్నగా పట్టి ఉంచుతుంది, రెండోది ఆ పుల్లని పాడి వాసన తెస్తుంది. ఇంటి దత్సి కష్టమేమీ కాదు. మీగడ తోడుపెట్టి వెన్న తీసే ఇల్లయితే ఆ మజ్జిగ ఉండనే ఉంటుంది. నీళ్లు ఎక్కువ కలపకుండా చిలకండి. లీటరు మజ్జిగను మందపాటి గిన్నెలో సన్న సెగ మీద పెట్టి, అడుగంటకుండా అప్పుడప్పుడు నెమ్మదిగా కదపండి. మజ్జిగ పులుసు విరిగితే దిగులు పడతాం, ఇక్కడ విరగడమే కావాలి. తెల్లని ముద్దలు తేలి, చుట్టూ నీరు లేత పసుపు పచ్చగా తేటపడగానే దించేయండి. తెర్లనివ్వకండి. పలుచని గుడ్డలో వడగట్టి అరగంట వేలాడదీసి, చేత్తో ఉండ చేయండి. బరువు పెట్టి నొక్కవద్దు, నొక్కితే మళ్లీ పనీరే. ఒక రోజు ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచితే వాసన కుదురుతుంది.

వండే తీరు

నలుగురికి సరిపోయే కొలత. చీల్చిన మిరపకాయలు పావుకిలో, ఒక మధ్యరకం ఉల్లిపాయ సన్నని చీలికలుగా, ఒక టమాటా, దంచిన వెల్లుల్లి అయిదారు రెబ్బలు, ఒక పెద్ద చెంచా వెన్న లేదా నూనె, ఒకటిన్నర గ్లాసు నీళ్లు (మూడు వందల మిల్లీలీటర్లు). ఉప్పు అర చెంచా చాలు, ప్రాసెస్డ్ చీజ్‌లో ఇప్పటికే ఉంటుంది.

వెల్లుల్లి, చీజ్ తప్ప అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి, నీళ్లు పోసి, మూతపెట్టి పొయ్యి మీద పెట్టండి. వేయించేది లేదు. తాలింపు లేదు.

ఈ తాలింపు దగ్గర నేను పడ్డ అవమానం చెప్పాలి. మొదటి నెలలో ఒక ఆదివారం నేనే వండి కిందికి పట్టుకెళ్లాను. అలవాటు చొప్పున ఆవాలు, జీలకర్ర, కరివేపాకు తాలింపు పెట్టి, చిటికెడు పసుపు కూడా వేశాను. అంగే మూత తీసి, ఒక ఆవగింజను గోటితో పైకి తీసి వెలుగులో పట్టుకుని చూసింది. ఏమీ అనలేదు. గిన్నె మనవడి ముందుకు జరిపింది. వాడు రెండు ముద్దలు తిని, ఇది బాగుంది కానీ ఎమ దత్సి ఎప్పుడు పెడతారు అని అడిగాడు.

చిన్న సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడికించండి. భూటాన్‌వారు చెప్పే కొలతల్లో పదిహేను, ఇరవై నిమిషాలు కనిపిస్తే నమ్మి అలాగే ఉంచకండి. థింపూ సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. హైదరాబాదులో 98 దాకా వెళ్తాయి, కాయ త్వరగా మెత్తబడుతుంది. ప్రెషర్ కుక్కర్ అసలు వద్దు, ఒక్క కూతకే పచ్చడి అవుతుంది. కాయ మెత్తబడాలి కానీ చెంచాతో ఎత్తితే ముక్కగా నిలవాలి.

అప్పుడు వెల్లుల్లి వేయండి. నీళ్లు మిరపకాయల సగం ఎత్తు వరకు ఉన్నాయో లేదో చూసుకోండి, తక్కువైతే కొంచెం వేడినీళ్లు పోయండి. సెగ పూర్తిగా తగ్గించి, చీజ్ ముక్కలు, నలిపిన దత్సి పైన పరచి, మూతపెట్టి రెండు నిమిషాలు వదిలేయండి. తర్వాత పొయ్యి ఆపేయండి. గరిటె ఇంకా వద్దు. అంగే ఈ సమయంలో గిన్నెను రెండు వైపులా గుడ్డతో పట్టుకుని, మూత తీయకుండానే, గుండ్రంగా రెండు మూడు సార్లు తిప్పేది. బియ్యం చెరిగేటప్పుడు చేట తిరిగినట్లు ఉండేది ఆ మణికట్టు. మూత తీసేసరికి చీజ్ దానంతట అదే పులుసులోకి దిగి ఉండేది. మీకు భయమైతే ఇంకొక నిమిషం ఆగి, చెక్క గరిటెతో అడుగునుంచి ఒక్కసారి కలపండి.

చూడటానికి ఇది చిక్కని గ్రేవీలా ఉండకూడదు, కొంచెం పలుచగా ఉండాలి. అన్నంలో కలుపుకునేది కదా. చల్లారితే చిక్కబడుతుంది, కాబట్టి పొయ్యి మీద కొంచెం పలుచగా అనిపించినా దించేయండి. విరిగినట్లు కనిపిస్తే కంగారు పడకండి. రెండు చెంచాల పాలు, ఇంకొక చీజ్ ముక్క వేసి, సెగ లేకుండా మెల్లగా కలిపితే చాలా వరకు సర్దుకుంటుంది. పనీరు గట్టిపడితే మాత్రం దానికి మందు లేదు.

అక్కడ ఎర్ర బియ్యపు అన్నంతో తింటారు. ఉడికాక అది లేత గులాబీ రంగులో, ఒకదానికొకటి అంటుకుంటూ ఉంటుంది. మనకు సోనా మసూరి కాస్త మెత్తగా వండితే చాలు. అన్నం ఎక్కువ, కూర తక్కువ కలపండి. మన వాళ్లు ఎమ దత్సి తిని అల్లాడిపోవడానికి సగం కారణం దాన్ని పప్పులా ధారాళంగా వడ్డించుకోవడం. ఆవకాయ కలుపుకున్నట్లు కలుపుకోండి. కారం ఎక్కితే నీళ్లు తాగవద్దు, మజ్జిగో పాలో తాగండి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ కారాన్ని పట్టుకుని కడిగేస్తుంది. గ్యాస్ట్రిక్ పుండ్లు, ఛాతీలో మంట ఉన్నవారికి ఈ వంటకం పెట్టకండి, ఎంత బతిమాలినా.

పిల్లలు ఉంటే, లేదా అత్తగారు కారం తినకపోతే, కెవ దత్సి చేయండి. కెవ అంటే బంగాళాదుంప. సన్నని బిళ్లలుగా కోసి, రెండు మిరపకాయలు మాత్రం వేసి, పద్ధతి ఇదే. పుట్టగొడుగులతో చేస్తే షము దత్సి. ఈ రెండూ కుదిరాక ఎమ దత్సికి వెళ్లడం తెలివైన పని. చీజ్ ఎలా నడుచుకుంటుందో కారం భయం లేకుండా చేతికి తెలుస్తుంది.

మా అక్క కూతురు డాలస్‌లో ఉంటుంది, ఇదే ప్రశ్న అడిగింది. అక్కడ బజ్జీ మిరపకాయలకు బదులు ఆనహైమ్ లేదా పొబ్లానో మిరపకాయలు, కారానికి రెండు సెరానోలు వేయమన్నాను. చీజ్‌కు ప్రాసెస్డ్ స్లైసులు నాలుగు, ఫెటా ఒక గుప్పెడు. ఫెటాలో ఉప్పు ఎక్కువ, గిన్నెలో వేరే ఉప్పు వేయవద్దు. ఫెటా ఒక్కదానితోనే చేస్తే మీ పనీరు కథే మళ్లీ.

ఇక మీ చివరి ప్రశ్న, మిగిలితే ఏమి చేయాలి. ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచుకోవచ్చు. తీసేసరికి గడ్డకట్టి ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెడితే నూనె తేలుతుంది, అందుకని గిన్నెలో పావు గ్లాసు నీళ్లు ముందుగా మరిగించి, అందులో దీన్ని వేసి, సన్న సెగ మీద వేడెక్కే వరకే ఉంచండి. రెండోసారి వేడి చేసినప్పుడు కారం మొదటి రోజు కంటే సర్దుకున్నట్లు నాకు అనిపిస్తుంది. అంగే అయితే రాత్రి మిగిలిన దానిలోకి పొద్దున్నే ఒక బంగాళాదుంప కోసి వేసి, నీళ్లు పోసి ఉడికించి, మళ్లీ ఒక చిన్న దత్సి ఉండ నలిపి వేసేది. నేను సైటుకు బయలుదేరుతూ మెట్లు దిగేసరికి ఆ వాసన వచ్చేది, చాలా రోజులు కింద వీధిలో ఆఫీసు జీపు నా కోసం ఆగి ఉండేది.